ఈ వయసులో ఇంత పెద్ద ఆపరేషన్ అవసరమా అని అడిగేవాళ్ల కోసం

"మేడమ్, ఈ వయసులో మా నాన్న ఆపరేషన్ తట్టుకుంటాడంటారా?" వార్డు బయట నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఛాతీ ఆపరేషన్లు, పెద్ద రక్తనాళాల ఆపరేషన్లు అయినవాళ్లని మళ్లీ లేపి కూర్చోబెట్టి నడిపించడం నా పని. సర్జన్ గారిని అడగాలంటే జంకుతారు, రౌండ్స్‌లో ఆయన రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోతారు, నేనేమో పొద్దున సాయంత్రం పేషెంట్ పక్కనే ఉంటాను కదా, అందుకని లిఫ్ట్ దగ్గరో క్యాంటీన్ దగ్గరో నన్ను పట్టుకుని మెల్లిగా అడుగుతారు. అక్కడ నిలబడి చెప్పలేనివి చాలా ఉంటాయి, అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

తట్టుకోవడం అంటే మనవాళ్ల ఉద్దేశం ఆపరేషన్ థియేటర్ నుంచి ప్రాణంతో బయటకి రావడం. ముందే ప్లాన్ చేసుకుని చేసే ఆపరేషన్లలో ఇప్పుడు ఎక్కువమంది బయటకి వస్తారు, 75 దాటినవాళ్లు, 80 దాటినవాళ్లు కూడా. నేను చూసే సమస్య ఆ తర్వాతది. ఆరు నెలల తర్వాత ఆ మనిషి తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్లగలడా, తన కంచంలో తను కలుపుకుని తినగలడా, మనవడి పేరు గుర్తుందా, పొద్దున్నే గేటు దాకా వెళ్లి పేపర్ తెచ్చుకుంటున్నాడా. ఆసుపత్రి రికార్డులో 30 రోజులు బతికి ఉంటే సక్సెస్ కిందే లెక్క, కానీ ఇంట్లోవాళ్లకి కావాల్సిన లెక్క అది కాదు, పేషెంట్‌కి అయితే అస్సలు కాదు. ఈ రెండో ప్రశ్న ఎవ్వరూ అడగరు, అడగాలని కూడా తెలీదు చాలామందికి.

మన ఊరికి ఈ విషయంలో ఒక పాత చరిత్ర ఉంది. 1888, 1889ల్లో ఇక్కడ క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద కమిషన్లు జరిగాయి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ నడిపించారు, డబ్బు నిజాం ఇచ్చారు, రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ కూడా వచ్చి ప్రయోగాల్లో కూర్చున్నారు. మత్తు ఇస్తే మనిషి ఎందుకు చనిపోతున్నాడు, ఊపిరి ముందు ఆగుతోందా గుండె ముందు ఆగుతోందా అన్నది అప్పటి గొడవ. ఊపిరి చూసుకుంటే చాలు గుండెకి ఏం కాదని లారీ తేల్చింది తర్వాత నిలబడలేదు, క్లోరోఫామ్‌తో గుండె నేరుగా ఆగిపోగలదని తర్వాత తేలింది. ఆ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి స్థానంలో వచ్చిన ఉస్మానియా ఆసుపత్రి వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, ఎందుకంటే అప్పుడు భయమంతా టేబుల్ మీదే. ఇప్పుడు టేబుల్ మీద భయం చాలా తగ్గింది, కష్టమంతా ఆ తర్వాతి వారాల్లోకి జరిగింది, మన ఇళ్లల్లో మాత్రం ఇంకా టేబుల్ గురించే భయపడుతున్నారు.

సరే, పెద్ద రక్తనాళాల ఆపరేషన్లు అన్నాను కదా, అందులో అయోర్టా సంగతి. గుండె నుంచి బయల్దేరి ఛాతీలోంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం ఇది, పొట్ట దగ్గర దీని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది. పాత సైకిల్ ట్యూబ్ ఒకచోట పల్చబడి ఉబ్బినట్టు ఇది కూడా వయసు మీద పడ్డాక ఉబ్బుతుంది, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీడీ సిగరెట్ తాగిన మగవాళ్లలో. 3 సెంటీమీటర్లు దాటితే అనూరిజమ్ అంటారు. నొప్పి ఉండదు, ఏ లక్షణం ఉండదు, ప్రోస్టేట్ కోసమో కిడ్నీలో రాయి కోసమో అల్ట్రాసౌండ్ చేస్తే బయటపడుతుంది, రిపోర్ట్‌లో ఒక లైను చూసి ఇంట్లో అందరూ పరేషాన్. పగిలితే చాలా ప్రమాదం, అది నిజమే, చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోతారు, చేరినవాళ్ల మీద బ్రిటన్‌లో చేసి 2014లో బయటపెట్టిన ట్రయల్‌లో కూడా నెల తిరిగేసరికి మూడోవంతు పైనే చనిపోయారు, స్టెంట్ వేసినా పొట్ట కోసి చేసినా పెద్ద తేడా లేదు.

అలాగని కనిపించగానే ఆపరేషన్ చెయ్యాలని లేదు. 4 నుంచి 5.5 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్లు 1,090 మందిని తీసుకుని బ్రిటన్‌లో ఒక పెద్ద ట్రయల్ చేశారు, 1998లో ఫలితాలు వచ్చాయి, సగంమందికి వెంటనే ఆపరేషన్, సగంమందికి స్కాన్‌లు చేస్తూ గమనించడం. వెంటనే చేసినందువల్ల ఎక్కువమంది ఏమీ బతకలేదు. తర్వాత అమెరికాలో చేసినదాంట్లో కూడా అదే తేలింది. అందుకే మగవాళ్లకి 5.5, ఆడవాళ్లకి 5 దగ్గర గీత పెట్టుకున్నారు. 4.2 ఉన్న తాతయ్యని తీసుకొచ్చి రేపే చేసెయ్యండి సార్ అని బతిమాలే కొడుకుల్ని చూశాను, ప్రేమతోనే అడుగుతారు, కానీ ఆ సైజులో ఆపరేషన్ రిస్క్ పగిలే రిస్క్ కంటే ఎక్కువ. స్కాన్‌కి టైంకి రావడం, బీడీ మానెయ్యడం, బీపీ కంట్రోల్‌లో పెట్టుకోవడం, అప్పటికి చేయాల్సింది అంతే.

గీత దాటాక రెండు దారులు. ఒకటి పొట్ట నిలువునా తెరిచి, అయోర్టాకి క్లాంప్ పెట్టి, ఉబ్బిన చోట డాక్రాన్ గుడ్డ ట్యూబ్ కుట్టడం. ఇంకోటి తొడ దగ్గరి రక్తనాళంలోంచి మడిచిన స్టెంట్ గ్రాఫ్ట్, అంటే గుడ్డ తొడిగిన లోహపు జాలీ గొట్టం, పంపి లోపల విప్పడం, ఈవార్ అంటారు, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడీ చేసినదాన్నుంచి ఇది ప్రపంచమంతా పాకింది, అంతకుముందే 1987లో ఖార్కివ్‌లో వొలొదోస్ అనే సర్జన్ ఛాతీ అయోర్టాకి ఇలాంటిది చేశారు. కోత చిన్నది, రెండో రోజే నడిపించేస్తాం, ఇంటికి తొందరగా పంపేస్తారు. 2004లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో 30 రోజుల్లో చనిపోయినవాళ్లు స్టెంట్ వైపు 1.7 శాతం, ఓపెన్ వైపు 4.7 శాతం. ఈ ఒక్క ముక్క చూస్తే అందరికీ స్టెంటే వేసెయ్యాలి అనిపిస్తుంది కదా, కానీ అదే పేషెంట్లని 15 ఏళ్లు ఫాలో అయ్యాక చూస్తే మొదట్లో ఉన్న లాభం కొన్నేళ్లకే కరిగిపోయింది, ఎనిమిదేళ్లు దాటాక ఓపెన్ అయినవాళ్లే మెరుగ్గా ఉన్నారు, ఎందుకంటే స్టెంట్ పక్కనుంచి రక్తం కారడం, స్టెంట్ జరగడం, మళ్లీ ప్రొసీజర్లు, కొన్నిసార్లు పగలడం కూడా. 62 ఏళ్ల ఆరోగ్యవంతుడికి ఈ లెక్క ఒకలా, 80 ఏళ్లాయనకి ఇంకోలా.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ట్రయల్‌కి జంటగా జరిగిన రెండోది. ఓపెన్ ఆపరేషన్‌కి అసలు పనికిరారు అన్నంత బలహీనంగా ఉన్నవాళ్లని తీసుకుని కొందరికి స్టెంట్ వేశారు, కొందరికి ఏమీ చెయ్యకుండా మందులతో ఉంచారు. స్టెంట్ వేసినవాళ్లలో అనూరిజమ్ పగిలి పోయినవాళ్లు తగ్గారు, కానీ మొత్తం మీద ఎంతమంది బతికారు అని చూస్తే రెండువైపులా తేడా లేదు. ట్యూబ్ దాని పని అది చేసింది, మనిషి గుండె వల్లో ఊపిరితిత్తుల వల్లో వెళ్లిపోయాడు. పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, లేటెస్ట్ టెక్నాలజీ, కోత కూడా లేదు అని ఊరట పడే కుటుంబాలకి ఇది చెప్పాలనిపిస్తుంది. కోత లేకపోయినంత మాత్రాన మనిషి బలం మారదు.

మరి బలం ఎలా తెలుస్తుంది? ఆధార్ కార్డు మీద ఉన్న పుట్టిన సంవత్సరం చూస్తే తెలీదు, అది మాత్రం ఖాయంగా చెప్పగలను. మా దగ్గర కొలిచేవి చాలా సింపుల్. 5 మీటర్లు మామూలుగా నడవమంటాం, టైం చూస్తాం. గుండె ఆపరేషన్‌కి వచ్చిన పెద్దవాళ్ల మీద 2010లో వచ్చిన ఒక స్టడీలో ఆ 5 మీటర్లకి 6 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పట్టినవాళ్లకి మరణం, పెద్ద కాంప్లికేషన్లు సుమారు మూడు రెట్లు. చిన్న స్టడీనే, 131 మంది, కానీ నా కళ్లతో చూసేది దానికి సరిపోతుంది. ఊపిరితిత్తి కొంత తీసెయ్యాల్సిన కేసుల్లో మెట్లెక్కించే టెస్ట్ ఉంది, 22 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే రిస్క్ తక్కువ, అంటే మన అపార్ట్‌మెంట్లలో సుమారు ఏడు అంతస్తులు. సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన 78 ఏళ్ల రైతు మధ్యలో కొంచెం ఆగి ఎక్కేస్తాడు, 61 ఏళ్ల రిటైర్డ్ ఆఫీసర్ మూడో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోతాడు. వీటితోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా, పోయిన ఆరునెలల్లో బరువు తగ్గారా, ఎన్నిసార్లు పడ్డారు, మందులు వాళ్లే గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నారా, ఇవన్నీ అడుగుతాం. ఇంట్లోవాళ్లు ఇక్కడే అబద్ధం చెప్తారు, ఆపరేషన్ క్యాన్సిల్ చేస్తారేమో అని "బానే నడుస్తాడు మేడమ్" అంటారు, దయచేసి అలా చెప్పకండి. బలహీనంగా ఉన్నారని తెలిస్తే మాకు రెండు మూడు వారాలు పని దొరుకుతుంది, దాచిపెడితే ఆ వారాలు పోతాయి.

ఆ రెండు మూడు వారాల గురించి నాకు చాలా పట్టుదల. ఛాతీ ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్లని ఎక్కువగా పడగొట్టేది న్యుమోనియా, నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తియ్యరు, దగ్గరు, కఫం కింద పేరుకుంటుంది, మూడో రోజు జ్వరం, ఐదో రోజు మళ్లీ ఐసీయూ. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 441 మంది మీద చేసిన ట్రయల్ మా ఫిజియోలందరికీ ప్రాణం. అది పొట్ట పైభాగం ఆపరేషన్ల మీద, ఆపరేషన్‌కి ముందు ఒక్క అరగంట ఫిజియో కూర్చుని ఊపిరి ఎలా తియ్యాలి, ఎందుకు తియ్యాలి, లేచిన వెంటనే ఏం చెయ్యాలి అని నేర్పించింది, అంతే. ఊపిరితిత్తుల కాంప్లికేషన్లు 27 శాతం నుంచి 12కి తగ్గాయి. మందు కాదు, మెషీన్ కాదు, అరగంట మాట్లాడటం. మన దగ్గర ఆ అరగంట ఎక్కడిది, ముందురోజు రాత్రి అడ్మిట్ చేసి పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారు, మూడు బంతుల స్పైరోమీటర్ చేతిలో పెట్టి ఊదమంటారు, ఊదకూడదు, లోపలికి పీల్చాలి అని కూడా సగంమందికి తెలీదు. మీకు ఆపరేషన్ డేట్ ఇచ్చారంటే ఆ బంతుల డబ్బా ఆరోజే మెడికల్ షాప్‌లో కొనుక్కోండి, గంటకోసారి పది సార్లు మెల్లిగా పీల్చి పట్టుకుని వదలండి. బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా ఆ రోజే ఆపాలి, కనీసం నాలుగు వారాలు ముందు ఆపితే తేడా బాగా కనిపిస్తుంది, అంత టైం లేకపోయినా ఆపండి.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ గురించి చెప్తాను. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది, ఆ పాత గుంతలో ఫంగస్ చేరి ముద్దలా అయింది, దగ్గితే రక్తం, ఊపిరితిత్తిలో ఒక భాగం తీసెయ్యాల్సి వచ్చింది. మన దగ్గర పెద్దవయసులో ఛాతీ ఆపరేషన్లు అంటే క్యాన్సర్ ఒక్కటే కాదు, ఇలా పాత టీబీ మిగిల్చినవి చాలా ఉంటాయి, లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రాలతో చెయ్యడం ఎప్పుడూ కుదరదు, పక్కటెముకల మధ్య పెద్ద కోత తప్పదు. ఈమె ఆపరేషన్‌కి ముందు ఇంట్లో రోజూ బంతులు పీల్చింది, కోడలు పక్కన కూర్చుని లెక్కపెట్టింది. ఆపరేషన్ అయిన మర్నాడు నేను వెళ్లేసరికి నేను చెప్పకముందే దిండు తీసి కోత మీద గట్టిగా అదుముకుని దగ్గుతోంది. అలా అదుముకుంటే నొప్పి సగం తగ్గుతుంది, కఫం బయటికి వస్తుంది. పక్కలో ట్యూబ్, ట్యూబ్ చివర నీళ్ల బాటిల్, దగ్గినప్పుడల్లా బుడగలు. "బిడ్డా, ఆ బాటిల్ నువ్వు పట్టుకో, నేను నడుస్త" అంది. బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, పైకి ఎత్తితే నీళ్లు లోపలికి వెళ్తాయి, అందుకే నేను వంగి పట్టుకుని నడిచాను, ఆమె ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో దిండు. కారిడార్ చివర కిటికీ దాకా వెళ్లి కాసేపు నిలబడి మళ్లీ వచ్చాం. ఆ వారంలోనే ఇంటికి వెళ్లిపోయింది.

చిన్న రంధ్రాలతో చేసే పద్ధతి కుదిరినవాళ్లకి మంచిదే, వ్యాట్స్ అంటారు, బ్రిటన్‌లో 503 మంది లంగ్ క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో 5 వారాల తర్వాత రోజువారీ పనులు చేసుకోవడంలో వీళ్లు ఓపెన్ అయినవాళ్లకంటే ముందున్నారు. క్యాన్సర్ వరకు రెండూ ఒకటే. అడగండి, కుదరదంటే ఎందుకు కుదరదో కూడా అడగండి.

తిండి గురించి రాయకపోతే నాకు నిద్రపట్టదు. "పప్పు పెడితే చీము పడుతుంది" అనేది మన ఇళ్లల్లో ఎంత గట్టిగా ఉందంటే డాక్టర్ చెప్పినా, డైటీషియన్ చెప్పినా, నేను చెప్పినా, సాయంత్రం విజిటర్స్ టైంలో ఒక పెద్దమ్మ వచ్చి చెప్పిన మాటే గెలుస్తుంది. పప్పు వద్దు, గుడ్డు వేడి, పెరుగు జలుబు, ఇంక మిగిలింది జావ, ఇడ్లీ, బ్రెడ్. కోత మానాలంటే ప్రోటీన్ కావాలి, కండ నిలబడాలంటే ప్రోటీన్ కావాలి, జబ్బులో ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు చెప్తారు, అంటే 60 కిలోల మనిషికి 70 నుంచి 90 గ్రాములు. జావతో అది జన్మలో రాదు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే. మిగతా అందరికీ పప్పు, గుడ్లు, పెరుగు, తినేవాళ్లయితే చికెన్, చేప. పప్పు వల్ల చీము పట్టదు, ఇన్ఫెక్షన్ వల్ల, కంట్రోల్‌లో లేని షుగర్ వల్ల పడుతుంది.

దీనికి తోడు మంచం. 2007లో ఒక అమెరికన్ స్టడీలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచారు, ఏ జబ్బూ లేదు, ఏ ఆపరేషన్ లేదు, తిండి సరిగ్గా పెట్టారు, అయినా ఆ పది రోజుల్లో కాళ్ల కండ దాదాపు ఒక కిలో పోయింది. అది ఆరోగ్యవంతులకి. మన దగ్గర "పాపం ఆయన్ని ఇప్పుడే లేపకండి మేడమ్, రెస్ట్ తీసుకోనివ్వండి" అని నా చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ ఖరీదు కాళ్లే, తర్వాత నెలల తరబడి చేసినా కొందరికి పూర్తిగా తిరిగి రాదు. ఆపరేషన్ మర్నాడే కూర్చోబెట్టమన్నప్పుడు మాతో వాదించకండి, ఒక చెయ్యి వేసి సాయం పట్టండి.

ఇంక రాత్రి సంగతి. ఐసీయూ నుంచి రాత్రి రెండింటికి ఫోన్ వచ్చి, మీ నాన్న పైపులు పీకేస్తున్నాడు, కట్టేశాం అని చెప్తే ఎవరికైనా గుండె ఆగిపోతుంది. నల్గొండ జిల్లా రైతు ఒకాయన, ఛాతీలో అయోర్టాకి ఆపరేషన్, రెండో రాత్రి లేచి కూర్చుని "కరెంట్ వొచ్చింది, మోటర్ ఏయాలె, ఇడువుండ్రి నన్ను" అని ఒకటే గోల. ఎన్నో ఏళ్లు రాత్రి కరెంట్ కోసం నిద్రలేచి పొలానికి వెళ్లినాయన, ఐసీయూలో ఆ లైట్లు, ఆ మెషీన్ల చప్పుడు, ఏ టైమో తెలీదు. కొడుకు వచ్చి ఏడుస్తూ నాన్నకి పిచ్చి పట్టింది అన్నాడు. అది పిచ్చి కాదు, డెలీరియం, అంటే ఒంట్లో బాగాలేనప్పుడు హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం, పెద్దవాళ్లకి పెద్ద ఆపరేషన్ల తర్వాత చాలా మామూలు, ఎక్కువమందిలో కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. కానీ పట్టించుకోకుండా వదిలెయ్యాల్సింది కూడా కాదు, డెలీరియం వచ్చినవాళ్లు ఆసుపత్రిలో ఎక్కువ రోజులుంటారు, కొందరికి జ్ఞాపకశక్తి ముందులా రాదు. ఒక్కోసారి కిందున్న ఇన్ఫెక్షన్‌కి, ఆక్సిజన్ తగ్గడానికి, మూత్రం ఆగిపోవడానికి ఇదే మొదటి గుర్తు.

తగ్గించడానికి చేసేవి అంత గొప్ప సంగతులేం కావు. కళ్లజోడు ఇవ్వాలి, వినికిడి మెషీన్ పెట్టాలి, పళ్లసెట్ ఇవ్వాలి, ఆపరేషన్‌కి ముందు తీసి కవర్లో వేసి ఇంట్లోవాళ్లకి ఇచ్చేస్తారు, అది ఇంట్లో బీరువాలోనే ఉండిపోతుంది. కనిపించక వినిపించక ఉన్న మనిషి గందరగోళపడక ఏం చేస్తాడు. పగలు వెలుతురు, గోడ మీద గడియారం, రాత్రి లైట్లు తగ్గించడం, తెలిసిన గొంతు ఒకటి పక్కన. 1999లో షారన్ ఇనోయే బృందం అమెరికాలో 70 దాటిన 852 మంది మీద, ఆపరేషన్ వాళ్లు కాదు మామూలు వార్డు పేషెంట్ల మీద, ఇలాంటి పనులే చేసి చూస్తే డెలీరియం 15 శాతం నుంచి 9.9కి తగ్గింది. ఆ రైతుకి కళ్లజోడు పెట్టించి, కూతురిని పక్కన కూర్చోబెడితే, ఆమె "నాయ్నా, మోటర్ తమ్ముడు ఏసిండు, నువ్వు పండుకో" అంది, పడుకున్నాడు. ఐసీయూలోకి రానివ్వరు అంటారు, కనీసం పది నిమిషాలు అడిగి చూడండి, గట్టిగా అడగండి.

ఇక అసలు విషయం, ఎవరు నిర్ణయించాలి అన్నది. మైఖేల్ డెబేకీ అనే అమెరికన్ సర్జన్ పేరు కొందరు వినే ఉంటారు, అయోర్టా ఆపరేషన్లకి దారి వేసినవాళ్లలో ఆయన ముందుంటారు, మొదట్లో డాక్రాన్ ట్యూబ్‌లు భార్య కుట్టుమిషన్ మీద కుట్టినాయన. 2005 డిసెంబర్ 31న, 97 ఏళ్ల వయసులో, ఆయనకే అయోర్టా గోడ చీలింది. మొదట ఆసుపత్రికే వెళ్లనన్నారు, ఆపరేషన్ వద్దన్నారు. వారాల తర్వాత స్పృహ తప్పాక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ కూర్చుంది, భార్య పట్టుబట్టింది, 2006 ఫిబ్రవరిలో ఆయన శిష్యుడు జార్జ్ నూన్ ఏడు గంటలు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వెంటిలేటర్, డయాలసిస్, గొంతులో ట్యూబ్, ఇంటికి వెళ్లేసరికి సెప్టెంబర్. మళ్లీ పనిలోకి వెళ్లారు, చేసినందుకు సంతోషమే అన్నారు, 2008 జులైలో 99 ఏళ్లకి పోయారు. ఈ కథని వాట్సాప్‌లో 97 ఏళ్లకి కూడా సక్సెస్ అని పంపుతుంటారు, మధ్యలో ఉన్న ఆ నెలలు మాత్రం అందులో ఉండవు. ఇంకోవైపు ఐన్‌స్టీన్, 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన పొట్ట తెరిచి ఉబ్బిన అయోర్టా చుట్టూ సెలొఫేన్ చుట్టారు, అప్పట్లో ఉన్నది అదే, ఆరేళ్లు దాటాక 1955 ఏప్రిల్‌లో అది పగిలితే, చేస్తామని సర్జన్లు అన్నా వద్దని చెప్పి 76 ఏళ్లకి ప్రశాంతంగా వెళ్లిపోయారు. ఇద్దర్లో ఎవరిది కరెక్ట్ అని నేను అనను. ఐన్‌స్టీన్ మాట చెల్లింది, డెబేకీ మాట మీద ఆయన స్పృహలో లేనప్పుడు వేరేవాళ్లు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, అది ఆ కుటుంబానికి ఎంత నరకమై ఉంటుందో నేను రోజూ చూస్తాను.

మన దగ్గర అయితే పేషెంట్‌కి తెలియనే తెలియదు. "నాన్నకి చెప్పకండి సార్, భయపడతాడు", సంతకం కొడుకు పెడతాడు, అల్లుడు డబ్బులు కడతాడు, అమెరికాలో ఉన్న కూతురు వీడియో కాల్‌లో ఫైనల్ చేస్తుంది, 79 ఏళ్లాయన మంచం మీద కూర్చుని అందరి మొహాలూ చూస్తుంటాడు. ఇది నాకు చాలా బాధ. 2002లో అమెరికాలో 60 దాటిన 226 మంది సీరియస్ పేషెంట్లని అడిగారు, చికిత్స తేలికైనదైతే, మళ్లీ ఇప్పటిలా అవుతారంటే దాదాపు అందరూ సరే అన్నారు. అదే బతుకుతారు కానీ తమ పనులు తాము చేసుకోలేరు అంటే 74 శాతం వద్దన్నారు, బతుకుతారు కానీ మతి సరిగ్గా ఉండదు అంటే 89 శాతం వద్దన్నారు. చావు కంటే అదే ఎక్కువ భయం వాళ్లకి. మన పెద్దవాళ్లు కూడా అదే అంటారు కదా, ఒకరి మీద ఆధారపడకుండా పోతే చాలు అని. మరి అంత స్పష్టంగా చెప్పే మనిషిని ఆపరేషన్ అప్పుడు ఎందుకు అడగం?

గ్రెచెన్ ష్వార్జ్ అనే వాస్క్యులర్ సర్జన్, విస్కాన్సిన్‌లో, ఒక పద్ధతి తయారుచేసింది, నాకు చాలా నచ్చింది. కాగితం మీద ఒక నిలువు గీత, పైన నక్షత్రం గుర్తు పెట్టి అన్నీ బాగా జరిగితే ఎలా ఉంటుంది, కింద డబ్బా గీసి అన్నీ చెడితే ఎలా ఉంటుంది, మధ్యలో ఈ మనిషికి ఎక్కువగా జరిగేది ఏది అని సర్జన్ గుర్తు పెడతారు. ఆపరేషన్ చేస్తే ఒక గీత, చెయ్యకపోతే పక్కన ఇంకో గీత. శాతాలు కాదు, కథ చెప్పాలి, ఐసీయూలో ఎన్ని రోజులు, ఇంటికి ఎప్పుడు, ఇంట్లో ఎవరు చూసుకోవాలి. మీ సర్జన్‌కి ఇది తెలియకపోయినా పర్లేదు, కాగితం మీరే తీసుకెళ్లి అడగండి, "సార్, మంచిగా జరిగితే ఆరునెలలకి మా నాన్న ఎలా ఉంటాడు, చెడితే ఎలా ఉంటాడు, మీకైతే ఏది జరుగుతుందనిపిస్తోంది" అని. మంచి సర్జన్లు దీనికి విసుక్కోరు. ఆ మాటలు నాన్న ముందే జరగాలి, ఆయన చెవి దగ్గరికి వంగి అయినా సరే.

డబ్బు గురించి కొంచెమే. స్టెంట్ గ్రాఫ్ట్ ఒక్కటే లక్షల్లో ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు, 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది, 5 లక్షల దాకా. మీ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా లేదా అన్నది అడ్మిట్ అవ్వకముందే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడిగేసుకోండి. ఇంటికొచ్చాక అయ్యే ఖర్చు, అంటే ఫిజియో, అటెండర్, కమోడ్ కుర్చీ, ఇవి ఏ కార్డులోనూ రావు, అవి కూడా లెక్కలో వేసుకోండి.

ఈవార్ అయినవాళ్లు బాగైపోయింది కదా అని స్కాన్‌కి రావడం మానేస్తారు, మానకండి, నొప్పి లేకుండానే పక్కనుంచి కారుతూ ఉంటుంది, డాక్టర్ చెప్పినన్నాళ్లకి, ఎక్కువమందికి ఏడాదికోసారి, జీవితాంతం చూపించుకోవాలి. డిశ్చార్జ్ సమ్మరీలో స్టెంట్ కంపెనీ, సైజు రాసిన స్టిక్కర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

ఇంకోటి, బ్రిటన్‌లో 67,800 మంది మగవాళ్ల మీద చేసిన ట్రయల్ తర్వాత అక్కడ 65 ఏళ్లకి మగవాళ్లందరికీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేస్తున్నారు, దానివల్ల అనూరిజమ్ చావులు బాగా తగ్గాయి. మన దగ్గర అలాంటి ప్రోగ్రామ్ లేదు. ఇంట్లో 65 దాటి, ఎప్పుడైనా పొగ తాగిన నాన్నో బాబాయో మామయ్యో ఉంటే, లేదా అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇది ఉందని తెలిస్తే, ఈసారి దేనికైనా పొట్ట స్కాన్‌కి వెళ్లినప్పుడు అయోర్టా కొలత కూడా రిపోర్ట్‌లో రాయమని అడగండి. 4 సెంటీమీటర్ల దగ్గర దొరికినాయనకి నడకకి, బీడీ మానడానికి, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి చాలాసార్లు ఏళ్ల టైం ఉంటుంది.